పని అయిపోయాక మా ఫైలు తీసెయ్యండి

2022 మే 27న ఆధార్ సంస్థ బెంగళూరు ప్రాంతీయ కార్యాలయం ఒక ప్రకటన ఇచ్చింది. ఆధార్ జిరాక్సులు ఎవరికి పడితే వాళ్లకు ఇవ్వొద్దని, అవసరమైతే చివరి 4 అంకెలు మాత్రమే కనిపించే మాస్క్‌డ్ ఆధార్ ఇవ్వమని అందులో ఉంది. దాంతో పెద్ద గగ్గోలు లేచింది. లాడ్జిలో ఇచ్చాం, సిమ్ కోసం ఇచ్చాం, ఇప్పుడేం చెయ్యాలని జనం కంగారు పడ్డారు. మే 29న కేంద్రం ఆ ప్రకటనను వెనక్కి తీసుకుంది. దాన్ని తప్పుగా అర్థం చేసుకునే వీలుందని, ఆధార్ విషయంలో మామూలు జాగ్రత్త తీసుకుంటే చాలని చెప్పింది.

ఆ గొడవలో పెద్దగా ఎవరి కంటా పడని మాట ఒకటి ఆ ప్రకటనలోనే ఉంది. ఇంటర్నెట్ కేఫ్ కంప్యూటర్లలో ఈ-ఆధార్ (ఆధార్ పీడీఎఫ్ కాపీ) డౌన్‌లోడ్ చేసుకోవద్దు, ఒకవేళ చేసుకుంటే ఆ కాపీలన్నీ శాశ్వతంగా తొలగించేలా చూసుకోండి అని. సలహా మంచిదే. అది ఎవరికి చెప్పారన్నదే నా బాధ.

ఈ-ఆధార్ కోసం నెట్ సెంటర్‌కు వెళ్లేది సొంత కంప్యూటర్ లేనివాళ్లు. మన మండల కేంద్రాల్లో వాళ్లలో ఎక్కువమంది ఆ కంప్యూటర్‌ను ముట్టుకోరు. బల్లకు ఇవతల నిలబడతారు. అవతల కూర్చున్న కుర్రాడు "ఆధార్ నంబర్ చెప్పమ్మా" అంటే చెబుతారు. "ఓటీపీ వచ్చిందా చూడు" అంటే ఫోనే చేతికి ఇచ్చేస్తారు. ప్రింటు తీసుకుని, అడిగినంత ఇచ్చి వెళ్లిపోతారు. ఆ ఫైలు ఏ ఫోల్డర్‌లో పడిందో, అసలు ఫైలంటూ ఒకటి అక్కడ మిగిలిందో లేదో వాళ్లకు తెలిసే దారి లేదు. శాశ్వతంగా తొలగించమని చెప్పింది వాళ్లకు. మౌస్ ఉన్నది వేరేవాళ్ల చేతిలో.

ఉమ్మడి కంప్యూటర్ల దగ్గర జాగ్రత్తలంటూ ఇన్నేళ్లుగా మనం చెప్పుకుంటున్నవన్నీ కీబోర్డు ముందు కూర్చున్న మనిషి కోసం రాసినవి. లాగవుట్ అవ్వండి, పాస్‌వర్డ్ సేవ్ చెయ్యొద్దు, హిస్టరీ చెరపండి. మన దగ్గర కీబోర్డు ముందు కూర్చునేది షాపువాడు. అందుకని చెరిపే బాధ్యత షాపుదేనని, జనాన్ని ఆ షాపు దాకా పంపిన ప్రభుత్వానిదేనని గట్టిగా చెప్పాల్సిన సమయం వచ్చిందని నా అభిప్రాయం.

నేను ఆఫీసుల్లో కంప్యూటర్లు, నెట్‌వర్కులు చూసుకునే ఉద్యోగం చేస్తాను. మా మేనత్త కొడుకు, అంటే మా బావ, ఒక మండల కేంద్రంలో నెట్ సెంటర్ నడుపుతాడు. ఊరికి వెళ్లినప్పుడల్లా సాయంత్రాలు అక్కడే కూర్చుంటాను. ఇంటర్ ఫలితాలు, ఎంసెట్ (ఇప్పటి ఈఏపీసెట్) కౌన్సెలింగ్ రోజుల్లో ఆ షాపులో నిలబడ్డానికి చోటుండదు. వాళ్లు పడే పని నాకు తెలుసు కాబట్టి, ఈ వ్యాసంలో నెట్ సెంటర్ వాళ్లను దొంగలుగా చూపించే ఉద్దేశం నాకు లేదు.

ఒకప్పటి నెట్ సెంటర్ వేరు. చెక్క క్యాబిన్లు ఉండేవి, గంటకు ఇంత అని రేటు ఉండేది, మనమే కూర్చుని మనమే టైపు చేసుకునేవాళ్లం. మెయిలు చూసుకోవడం, అమెరికాలో ఉన్న అన్నయ్యతో చాటింగ్, ఫలితాలు. 2016లో జియో వచ్చి డేటా చవకయ్యాక ఆ పనులన్నీ ఫోన్లోకి వెళ్లిపోయాయి. అలా మూతబడాల్సిన షాపులను నిలబెట్టింది ప్రభుత్వ దరఖాస్తులు. 2001లో ఈసేవ, 2011లో మీసేవ, 2019లో ఆంధ్రప్రదేశ్‌లో గ్రామ, వార్డు సచివాలయాలు వచ్చాయి. వీటితో పాటు స్కాలర్‌షిప్పులు, పాన్, ఓటరు కార్డు, పీఎఫ్, పాస్‌పోర్టు, డిగ్రీలో చేరడానికి తెలంగాణలో దోస్త్, ఉద్యోగాలకు వన్ టైమ్ రిజిస్ట్రేషన్, అన్నీ ఆన్‌లైన్‌లోకి వచ్చాయి. వీటిలో సగం ఫోన్లో చెయ్యబోతే మధ్యలో ఆగిపోతాయి. బ్యాంకు పరీక్షల దరఖాస్తుకు ఫొటో 20 నుంచి 50 కేబీ మధ్య, సంతకం 10 నుంచి 20 కేబీ మధ్య ఉండాలి. దగ్గర ఎంత మంచి ఫోన్ ఉన్నా, ఆ సంతకాన్ని 20 కేబీ లోపు కుదించడానికి డిగ్రీ చదివిన పిల్లలు కూడా నెట్ సెంటర్‌కే వస్తారు.

వస్తే ఏం వదిలి వెళ్తారో చెబుతాను. మా బావ షాపులోనే కాదు, నేను చూసిన చాలా షాపుల్లో డెస్క్‌టాప్ మీద వాల్‌పేపర్ కనిపించదు. అంతా ఫైళ్లే. పదో తరగతి మెమోలు, కుల ధ్రువీకరణ పత్రాలు, పాస్‌బుక్ మొదటి పేజీలు, పట్టాదారు పాస్‌పుస్తకాలు, పాస్‌పోర్టు సైజు ఫొటోలు, సంతకాలు. డౌన్‌లోడ్స్ ఫోల్డర్ తెరిస్తే ఏళ్ల కిందటి ఈ-ఆధార్లు వరుసగా ఉంటాయి. ఈ-ఆధార్ పీడీఎఫ్‌కు పాస్‌వర్డ్ ఉంటుంది కదా అని మీరు అనొచ్చు. ఆ పాస్‌వర్డ్ పేరులోని మొదటి 4 ఇంగ్లీషు అక్షరాలు, పుట్టిన సంవత్సరం. ఆ రెండూ పక్కనే ఉన్న పదో తరగతి మెమోలో ఉంటాయి. ఒకే మనిషి ఫొటో, సంతకం, ఆధార్, బ్యాంకు ఖాతా నంబరు, తల్లిదండ్రుల పేర్లు, ఫోన్ నంబరు ఒకే ఫోల్డర్‌లో, చాలాసార్లు ఆ మనిషి పేరుతోనే ఉంటాయి. దొంగ ఎక్కడెక్కడో వెతికి పోగు చేసుకోవాల్సిన సరంజామా అంతా అక్కడ సర్ది పెట్టి ఉంటుంది.

ఇలాంటి కాగితాలతో ఏం చెయ్యొచ్చో మనకు తెలియనిది కాదు. 2018లో పెద్దపల్లి జిల్లా ధర్మారంలో సిమ్ కార్డులు అమ్మే ఒకతన్ని పోలీసులు పట్టుకున్నారు. అందరికీ అందుబాటులో ఉన్న భూముల దస్తావేజుల నుంచి వేలిముద్రలు, ఆధార్ నంబర్లు తీసుకుని, రబ్బరు ముద్రలు చేసి, వేల సిమ్ కార్డులు యాక్టివేట్ చేశాడన్నది కేసు. అతను ఏ సర్వర్‌లోకీ చొరబడలేదు. ఎప్పుడో, ఎవరో, ఏదో పని కోసం ఇచ్చిన కాగితాలు పని అయిపోయాక కూడా బయట ఉండిపోయాయి, వాటిని వాడుకున్నాడు.

బావను ఒకసారి అడిగాను, ఇవన్నీ ఎందుకు ఉంచుతావని. అతను చెప్పిన కారణం కొట్టిపారేసేది కాదు. జనం మళ్లీ వస్తారు. "అన్నా, పోయినసారి మా అమ్మ ఆధార్ తీశావు కదా, అదే ఇంకోటి తియ్యి" అంటారు. పొలం పనుల మధ్యలో బస్సెక్కి వచ్చిన మనిషిని మళ్లీ ఇంటికి పంపి కార్డు తెమ్మనడం అతనికి మనసొప్పదు. దరఖాస్తు తిరస్కరిస్తే మళ్లీ అప్‌లోడ్ చెయ్యాలి. ఏ దరఖాస్తు ఎప్పుడు తిప్పికొడతారో ఎవరికీ తెలియదు. ఫైలు ఉంచడం వాళ్ల దృష్టిలో కస్టమర్‌కు చేసే మేలు, చాలామంది కస్టమర్లూ అలాగే అనుకుంటారు. ఇది నేను ఒప్పుకుంటాను. కానీ ఆ మేలు అందేది మళ్లీ వచ్చే కొద్దిమందికి. ఫైలు మిగిలిపోయేది వచ్చిన ప్రతి ఒక్కరిదీ. పైగా ఆ కంప్యూటర్ ముందు కూర్చునేది బావ ఒక్కడే కాదు. సీజన్‌లో పెట్టుకున్న కుర్రాడు, టోనర్ నింపడానికి వచ్చినవాడు, "ఒక్క నిమిషం అన్నా" అంటూ పెన్‌డ్రైవ్ గుచ్చే పక్క షాపు మనిషి. ఆ పెన్‌డ్రైవ్‌తో వచ్చే వైరస్‌ల సంగతి సరేసరి. చివరికి కంప్యూటర్ పాతదై అమ్మేస్తే హార్డ్‌డిస్క్‌తో సహా పోతుంది. బావ మంచివాడన్న ఒక్క కారణంతో ఆ ఫైళ్లు భద్రంగా ఉండవు.

ఆడపిల్లల విషయం విడిగా చెప్పాలి, ఎందుకంటే దీని గురించి మాట్లాడేవాళ్లు తక్కువ. ఇప్పుడు ఏ షాపుకు వెళ్లినా గోడ మీద ఒక నంబరు ఉంటుంది, "మీ ఫైల్స్ ఈ నంబర్‌కు వాట్సాప్ చెయ్యండి" అని. ఒక అమ్మాయి తన ఫొటో, సంతకం, మెమో ఆ నంబర్‌కు పంపిందంటే కాగితాలతో పాటు తన ఫోన్ నంబరునూ ఇచ్చినట్టే. ప్రైవసీ సెట్టింగులు మార్చుకోకపోతే ప్రొఫైల్ ఫొటో కూడా కనిపిస్తుంది. షాపువాడు ఆ నంబర్‌ను సేవ్ చేసుకోవాల్సిన పని కూడా లేదు, చాట్ అక్కడే ఉంటుంది. ఆ ఫోన్ సాయంత్రానికి ఎవరి చేతిలో ఉంటుందో ఆ అమ్మాయికి తెలియదు. రాత్రి 10 గంటలకు "హాయ్" అని ముక్కూమొహం తెలియని నంబర్ నుంచి మెసేజ్ వస్తే ఇంట్లో చెప్పుకోలేక నంబరే మార్చుకున్న పిల్లలు నాకు తెలిసినవాళ్లలో ఉన్నారు. అది ఎక్కడి నుంచి పోయిందో తేల్చలేం. హాస్టల్ నుంచి పోయిందా, రీచార్జ్ షాపు నుంచి పోయిందా, దరఖాస్తు నుంచి పోయిందా? ఎక్కడ పోయిందో తేల్చలేకపోవడమే ఇక్కడ అసలు సమస్య. మనం ఎన్నిచోట్ల ఇస్తున్నామో, ఎక్కడెక్కడ మిగిలి ఉందో లెక్కే లేదు.

పంపిన మెసేజ్‌ను "డిలీట్ ఫర్ ఎవ్రీవన్" చేశాం కదా అని కొందరు ధైర్యంగా ఉంటారు. అది సుమారు రెండున్నర రోజుల లోపు చేస్తే చాట్‌లోంచి పోతుంది. షాపు కంప్యూటర్‌లో వాట్సాప్ వెబ్ నుంచి అప్పటికే డౌన్‌లోడ్ చేసిన ఫైలు ఎక్కడికీ పోదు.

బ్రౌజర్‌లో హిస్టరీ మిగలకుండా తెరిచే ఇన్‌కాగ్నిటో కిటికీ గురించి కూడా ఇలాంటి అపోహే ఉంది. ఆ కిటికీలన్నీ మూసేస్తే హిస్టరీ, కుకీలు పోతాయి, లాగిన్ పోతుంది. అది నిజంగా పనికొచ్చేదే, సొంతంగా కూర్చుని టైపు చేసేవాళ్లు తప్పక వాడాలి. కానీ అందులో డౌన్‌లోడ్ చేసిన పీడీఎఫ్ డిస్క్ మీద అలాగే ఉంటుంది. కీబోర్డు మీద నొక్కిన ప్రతి అక్షరాన్నీ రాసుకునే ప్రోగ్రామ్ ఆ కంప్యూటర్‌లో ఉంటే ఇన్‌కాగ్నిటో దాన్ని ఆపలేదు. ఇది ఊహించి చెబుతున్న భయం కాదు. న్యూయార్క్‌లో కింకోస్ అనే ఫొటోకాపీ, కంప్యూటర్ సేవల షాపుల్లో ఒక యువకుడు ఇలాంటి కీలాగర్లు పెట్టి, దాదాపు రెండేళ్ల పాటు 450కి పైగా యూజర్‌నేమ్‌లు, పాస్‌వర్డ్‌లు పట్టుకున్నాడు. 2003లో కోర్టులో నేరం ఒప్పుకున్నాడు. అక్కడ షాపు యాజమాన్యానికి తెలియకుండానే, కస్టమర్‌లా వచ్చినవాడే ఆ పని చేశాడు. ఇరవై ఏళ్లు దాటినా అదే పద్ధతి ఏ కంప్యూటర్ మీదైనా పనిచేస్తుంది. అందుకే ఎవరికి చెప్పినా ఒక్కటే చెబుతాను: బ్యాంకు పాస్‌వర్డ్ మాత్రం ఉమ్మడి కంప్యూటర్‌లో కొట్టొద్దు. ఎంత అవసరమున్నా సరే. ఆ ఒక్క పనికి చిన్న ఫోనైనా మేలు, లేదంటే బ్యాంకుకు వెళ్లి నిలబడటం మేలు.

కంప్యూటర్‌లో ఫైలు మిగలడం కంటే నన్ను ఎక్కువ కలవరపెట్టేది ఇంకొకటి ఉంది. అది కస్టమర్ ఖాతాలోనే షాపు మిగిలిపోవడం.

దరఖాస్తుకు ఈమెయిల్ కావాలి. వచ్చిన పెద్దాయనకు ఈమెయిల్ లేదు. వెనక వరుసగా మనుషులు నిలబడి ఉన్నారు. షాపు కుర్రాడు అక్కడికక్కడే జీమెయిల్ తెరుస్తాడు. పాస్‌వర్డ్ పేరు పక్కన 123 పెట్టి కొడతాడు. ఓటీపీ కోసం పెద్దాయన ఫోన్ ఛార్జింగ్ లేకపోతే, సిగ్నల్ లేకపోతే షాపు నంబరే ఇస్తాడు. కొన్ని షాపుల్లో అందరికీ ఒకే షాపు ఈమెయిల్ ఇచ్చేస్తారు. పాన్‌కు అదే, పీఎఫ్‌కు అదే, స్కాలర్‌షిప్‌కు అదే. ఆ రోజుకు పని అయిపోతుంది. నాలుగేళ్ల తర్వాత ఫ్యాక్టరీ మానేసి పీఎఫ్ డబ్బు తీసుకుందామంటే పాస్‌వర్డ్ తెలియదు, కొత్తది పెట్టుకుందామంటే సందేశం ఇంకెవరి ఫోన్‌కో పోతుంది. ఆ షాపు మూతపడి ఉంటే ఇక ఆఫీసుల చుట్టూ తిరగడమే. షాపు మూతపడకుండా, అందులోని మనిషి చెడ్డవాడైతే ఏమవుతుందో నేను వివరించనక్కర్లేదు.

కౌన్సెలింగ్‌లోనూ ఇదే జరుగుతుంది. వెబ్ ఆప్షన్లు పెట్టేటప్పుడు లాగిన్ ఐడీ, పాస్‌వర్డ్ ఎవరికీ చెప్పొద్దని అధికారులు ఏటా చెబుతారు. పిల్లవాడు ఎవరికీ చెప్పడు. కానీ ఆప్షన్లు పెట్టేది నెట్ సెంటర్‌లో, పాస్‌వర్డ్ పెట్టింది నెట్ సెంటర్ కుర్రాడు, అది రాసుకున్నది షాపు నోట్‌బుక్‌లో. గడువు ముగిసే లోపు ఆ లాగిన్‌తో ఎవరైనా కాలేజీల వరుస మార్చగలరు. నాలుగేళ్ల చదువు ఎక్కడన్నది ఆ వరుసను బట్టే ఉంటుంది. ఈ ఒక్క విషయంలో తల్లిదండ్రులు మొహమాటపడకూడదు. ఆప్షన్లు ఫ్రీజ్ చేశాక ప్రింటు తీసుకోవాలి, ఇంటికి వెళ్లి పాస్‌వర్డ్ మార్చాలి, గడువు ముగిశాక మళ్లీ ఒకసారి తెరిచి అదే వరుస ఉందో లేదో చూసుకోవాలి.

ఇక చట్టం ఏం చెబుతోందో చూద్దాం. 2011 ఏప్రిల్‌లో కేంద్రం సైబర్ కేఫ్‌ల కోసం ప్రత్యేకంగా నిబంధనలు తెచ్చింది. గుర్తింపు కార్డు చూపించకుండా ఎవరినీ కంప్యూటర్ ముందు కూర్చోబెట్టకూడదు. పేరు, చిరునామా, ఫోన్ నంబరు, ఏ కంప్యూటర్, ఎన్ని గంటలకు కూర్చున్నారు, ఎన్ని గంటలకు లేచారు, అన్నీ రిజిస్టర్‌లో రాసి కనీసం ఏడాది భద్రపరచాలి. ఏయే వెబ్‌సైట్లు చూశారో ఆ చరిత్ర కూడా ఏడాది ఉంచాలి. క్యాబిన్ గోడ నాలుగున్నర అడుగులకు మించకూడదు, క్యాబిన్ లేని చోట తెరలు బయటికి కనిపించేలా తిప్పి పెట్టాలి. నేరం జరిగితే మనిషిని పట్టుకోవడానికి ఇవి కావాలి, కాదనను. కానీ ఆ నిబంధనల చూపంతా కస్టమర్ వల్ల దేశానికి వచ్చే ప్రమాదం మీదే. షాపు వల్ల కస్టమర్‌కు వచ్చే ప్రమాదం మీద వాటికి పట్టింపు లేదు. నాలుగున్నర అడుగుల గోడ కొలత రాసినవాళ్లు, కస్టమర్ లేచి వెళ్లాక అతని కాగితాలు తుడిచెయ్యాలని కూడా ఒక ముక్క రాసి ఉంటే, ఈ రోజు షాపుల అలవాటు వేరేగా ఉండేది. ఆ నిబంధనలు ఊహించిన కేఫ్‌లో కస్టమరే టైపు చేసుకుంటాడు. ఆ కేఫ్ ఇప్పుడు దాదాపు లేదు.

2023 ఆగస్టులో వచ్చిన డిజిటల్ వ్యక్తిగత డేటా రక్షణ చట్టం ఈ విషయంలో చాలా మెరుగు. ఏ పని కోసం సమాచారం తీసుకున్నారో ఆ పని తీరిపోయాక దాన్ని చెరిపెయ్యాలని 8వ సెక్షన్ చెబుతుంది. తగిన భద్రత పెట్టనివాళ్లకు 250 కోట్ల రూపాయల దాకా జరిమానా పడొచ్చు. దీని నిబంధనలు 2025 నవంబర్‌లో వచ్చాయి, ముఖ్యమైన బాధ్యతలు అమల్లోకి రావడానికి 18 నెలల గడువిచ్చారు. నాకు అర్థమైనంతవరకు, కస్టమర్ కాగితాలను తన కంప్యూటర్‌లో దాచుకునే నెట్ సెంటర్ ఈ చట్టం పరిధిలోకే వస్తుంది. అయితే రెండు చోట్ల నాకు అనుమానం ఉంది. 17వ సెక్షన్ కింద ప్రభుత్వం కొన్ని రకాల సంస్థలకు మినహాయింపు ఇవ్వొచ్చు, ఆ మినహాయింపుల్లో చెరిపే బాధ్యత కూడా ఉంది. చిన్న వ్యాపారులను ఇబ్బంది పెట్టకూడదన్న పేరుతో రేపు ఈ షాపులకు అది ఇచ్చేస్తే, డేటా ఎక్కువగా చిందే చోటే చట్టం లేకుండా పోతుంది. రెండోది, 2025 నిబంధనల్లోనే సమాచారాన్ని, లాగ్‌లను (ఎవరు ఎప్పుడు ఏం చేశారన్న నమోదులను) కనీసం ఏడాది ఉంచాలన్న నియమం ఒకటి చేర్చారు. ప్రభుత్వం అడిగినప్పుడు చూపించడానికట. పెద్ద కంపెనీల సర్వర్ల సంగతి ఎలా ఉన్నా, దాన్ని పట్టుకుని జిరాక్స్ షాపు ఏడాది పాటు మన పీడీఎఫ్‌లు దాచాలంటే మాత్రం అది అన్యాయం. లావాదేవీ జరిగిందన్న రికార్డు ఉంచుకుంటే చాలు, కాగితం ఉంచుకోనక్కర్లేదని స్పష్టంగా చెప్పాలి.

కుదువ దుకాణంలో గొలుసు పెడితే రసీదు ఇస్తారు, విడిపించుకుంటే గొలుసు వెనక్కి వస్తుంది, షాపులో దాని నకలు మిగలదు. కాగితాల విషయంలో మనకు రసీదూ లేదు, విడిపించుకోవడమూ లేదు.

చట్టం వచ్చేదాకా ఆగకుండా మా బావ షాపులో కొన్ని మార్పులు చేశాం. ఇవి ఖర్చు లేనివి, అందుకే ఇక్కడ రాస్తున్నాను. విండోస్ 10, 11లో స్టోరేజ్ సెన్స్ అని ఒక సెట్టింగ్ ఉంది. డౌన్‌లోడ్స్ ఫోల్డర్‌లో ఒక రోజు దాటి ఎవరూ తెరవని ఫైళ్లను, రీసైకిల్ బిన్‌లో ఉన్నవాటిని తనంతట తానే తీసేసేలా పెట్టొచ్చు. అది ఆన్ చేశాం. స్కానర్ నుంచి వచ్చేవి, వాట్సాప్ నుంచి వచ్చేవి అన్నీ డౌన్‌లోడ్స్‌లోనే పడేలా మార్చాం, డెస్క్‌టాప్ మీద ఏదీ పెట్టకూడదన్నది నియమం. కస్టమర్ లాగిన్లన్నీ క్రోమ్ గెస్ట్ విండోలోనే, మూసెయ్యగానే లాగిన్, హిస్టరీ చెరిగిపోతాయి. ఇది చాలా అవసరం, ఎందుకంటే క్రోమ్‌లో జీమెయిల్ తెరిస్తే బ్రౌజర్ కూడా ఆ ఖాతాతో సైన్ ఇన్ అయ్యే వీలుంది. అక్కడ ఎవరైనా "సింక్" నొక్కారంటే తర్వాత సేవ్ అయ్యే పక్కవాళ్ల పాస్‌వర్డ్‌లు కూడా ఆ ఖాతాలోకి చేరిపోతాయి. పాడైపోయిన ప్రింట్లను వెనకవైపు వాడుకోవడం మానేసి, రోజూ సాయంత్రం చింపేస్తున్నారు. ఇంతకుముందు ఎవరి ఆధార్ కాపీ వెనకో ఇంకెవరికో ఫీజుల లెక్క రాసి ఇచ్చేవాళ్లు, అది చూస్తే నాకు ప్రాణం ఉసూరుమనేది.

మళ్లీ వచ్చేవాళ్ల సంగతి? వాళ్ల ఫైళ్లు వాళ్ల ఫోన్లోకే పంపించేస్తాడు, "ఇది దాచుకోండి, ఈసారి వచ్చినప్పుడు ఇది చూపించండి" అని. ఫోన్లో ఖాళీ లేనివాళ్లకు డిజిలాకర్ (పత్రాలు ఆన్‌లైన్‌లో దాచుకునే ప్రభుత్వ సేవ) తెరిపిస్తాడు. మొదట్లో కొందరు విసుక్కున్నారు. ఒకావిడ "నీ దగ్గర ఉంటే మాకేం భయం నాయనా" అంది. అంత నమ్మకం పెట్టుకున్న మనిషికి నచ్చచెప్పడం కష్టమే. బావ ఓపిగ్గా చెప్పాడు. కొద్దిమంది ఇంకా ఉంచమనే అంటారు. వాళ్లవి ఉంచుతాడు, వాళ్లు అడిగారు కాబట్టి.

చెరిపిన ఫైలును సాఫ్ట్‌వేర్‌తో మళ్లీ తియ్యొచ్చు కదా అని నా తోటి ఉద్యోగులు అడుగుతారు. పాత హార్డ్‌డిస్క్‌ల్లో తియ్యొచ్చు. అంత పట్టుదలతో వచ్చేవాణ్ని ఆపాలంటే డిస్క్ మొత్తం ఎన్‌క్రిప్ట్ చెయ్యాలి, అంటే పాస్‌వర్డ్ లేకుండా చదవలేని రూపంలోకి మార్చాలి. లేదా రీస్టార్ట్ చెయ్యగానే కంప్యూటర్ పాత స్థితికి వచ్చేసే ఏర్పాటు చెయ్యాలి, విదేశీ లైబ్రరీల్లో చాలాచోట్ల అలాగే ఉంటుంది. సరిగ్గా స్కూళ్లు, లైబ్రరీలు, ఇంటర్నెట్ కేఫ్‌ల కోసమే మైక్రోసాఫ్ట్ ఒకప్పుడు స్టెడీస్టేట్ అనే ఉచిత సాఫ్ట్‌వేర్ ఇచ్చేది, 2010 చివర్లో దాన్ని ఆపేసింది. అలాంటిదొకటి తెలుగులో సూచనలతో మన రెండు రాష్ట్రాల ఐటీ శాఖలు తయారు చేయించి మీసేవ, సచివాలయం కంప్యూటర్లలో ముందుగా పెట్టి చూపిస్తే ఎంత బాగుండు. కానీ ఈలోపు మనం భయపడాల్సింది ల్యాబ్‌లో కూర్చుని డిస్క్ తవ్వేవాడికి కాదు, డౌన్‌లోడ్స్ మీద ఒక్కసారి క్లిక్ చేసేవాడికి. వాణ్ని ఆపడానికి చెరపడం చాలు.

కౌంటర్‌కు ఇవతల ఉన్నవాళ్లు చెయ్యగలిగింది తక్కువే, అయినా ఉంది. "పని అయిపోయింది కదా, నా ముందే తీసెయ్యి బాబూ" అని అడగండి. షిఫ్ట్ పట్టుకుని డిలీట్ నొక్కితే రీసైకిల్ బిన్‌లోకి పోకుండా నేరుగా పోతుంది, అది చూసి వెళ్లండి. ఓటీపీ మీరే చదివి చెప్పండి, ఫోన్ చేతికివ్వొద్దు, ఆ మెసేజ్ దేనికి వచ్చిందో పక్కన ఎవరైనా చదువుకున్న పిల్లలుంటే చదివించుకోండి. వాట్సాప్‌లో లింక్‌డ్ డివైసెస్ తెరిచి మీది కాని కంప్యూటర్ ఉంటే లాగవుట్ చెయ్యండి. జీమెయిల్ ఎప్పుడో షాపులో తెరిచి మరిచిపోయినా, గూగుల్ ఖాతాలో "మీ పరికరాలు" అన్నచోట ఇంటి నుంచే దాన్ని తీసెయ్యొచ్చు. పల్లెలో ఉన్న అమ్మానాన్నల ఆధార్‌కు, పీఎఫ్‌కు, బ్యాంకు ఖాతాకు ఏ నంబరు, ఏ ఈమెయిల్ జోడించి ఉందో పట్నంలో, అమెరికాలో ఉన్న పిల్లలు ఈసారి ఫోన్ చేసినప్పుడు అడగాలి. వేరేవాళ్ల నంబరు ఉంటే ఆధార్‌లో మార్చడానికి పోస్ట్‌మ్యాన్ ఇంటికే వచ్చే సేవ కూడా ఉంది.

వీటన్నిటికంటే ముందు ఆగాల్సింది అసలు ఆ షాపుకు వెళ్లాల్సిన అవసరం. ఆంధ్రప్రదేశ్‌లో 2025 జనవరి నుంచి మన మిత్ర పేరుతో వాట్సాప్‌లోనే కొన్ని ప్రభుత్వ సేవలు ఇస్తున్నారు. అన్నీ అలా రావాలని కూడా అనను, కనీసం దరఖాస్తు తీసుకునే ప్రతి వెబ్‌సైటూ ఫోన్ కెమెరాతో తీసిన ఫొటోను తీసుకుని తనే 20 కేబీకి కుదించుకోవాలి. డిజిలాకర్‌లో ఉన్న మెమోను మళ్లీ పీడీఎఫ్‌గా అడగకూడదు. కంప్యూటర్ రాని మనిషిని మధ్యవర్తి దగ్గరికి పంపక తప్పని చోట, ఆ మధ్యవర్తి లైసెన్సులోనే రోజు చివర ఫైళ్లు చెరపాలన్న షరతు ఉండాలి. తనిఖీకి వచ్చిన అధికారి రేట్ల బోర్డు చూసినట్టే డౌన్‌లోడ్స్ ఫోల్డర్ కూడా తెరిచి చూడాలి.